ప్లమెట్ అనే మాట, అజీజ్‌నగర్ గోడ

ఎంకపల్లి,
13 ఆగస్టు 2006, ఆదివారం

మామకు లిదియా వందనాలు.

నిన్న శనివారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్‌కు అన్న కట్టిన ప్రహరీ గోడ కూలింది. ఆ సమయానికి కింద మట్టి మోస్తున్న అంతమ్మ ఉంది. బతికింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. సిటీలో ఆసుపత్రిలో ఉంది.

ఇందులో సగం నీకు ముందే తెలుసు. పొద్దున నీ పేపర్లో చదివాను. "మేస్త్రీ నిలువు చూసుకోకుండా కట్టడమే కారణమని ప్రాథమికంగా తెలిసింది" అని రాశావు. ఎవరికి తెలిసింది మామా? ఆ మేస్త్రీ ఎవరో నీకు తెలుసా? నీ అక్క కొడుకు సాలోమోను.

నువ్వు అక్కడికి వెళ్లి ఉంటే గోడకు రెండడుగుల దూరంలో గుంత కనిపించేది. స్విమ్మింగ్ పూల్ కోసం జేసీబీతో శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టి శనివారం పదకొండింటి దాకా తవ్వారు. ఏడడుగుల లోతు. శుక్రవారం సాయంత్రం వాన పడింది. వీటిలో ఒక్కటీ నీ వార్తలో లేదు.

నిన్న సాయంత్రం పోలీసులు అన్నను పిలిచి వాంగ్మూలం రాసుకుని పంపారు. ఇంటికి వచ్చినప్పటి నుంచి చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. వదిన అన్నం పెడితే పళ్లెం పక్కకు జరిపాడు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరిస్తే వీధంతా వింటుంది. అందుకే ఈ కవరు రేపటి చేవెళ్ల బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. నీ వార్తలు సిటీకి పోయే పద్ధతిలోనే నీకు చేరుతుంది. సవరణ వేయి.

లిదియా

*

చేవెళ్ల,
14 ఆగస్టు, సోమవారం

లిదియా బిడ్డకు,

కవరు తొమ్మిదిన్నర బస్సుకు అందింది.

నేను వెళ్లలేదు. శనివారం నాలుగున్నరకు ధనరాజ్ ఫోన్ చేశాడు. ఆ ఫాంహౌస్ కట్టిస్తున్న కంపెనీకి సైట్ మేనేజర్ అతను. నాకు వినపడక పక్క కొట్టు ప్రేమ్‌చంద్‌కు రిసీవర్ ఇస్తే, అతను విని నాకు కాగితం మీద రాసిచ్చాడు. ఐదింటి బస్సుకు కవరు ఇవ్వాలి. ధనరాజ్ మాట రాసి, ముందు "ప్రాథమికంగా" అని చేర్చాను. చూడనిది చూసినట్టు రాయడానికి ఇరవై ఏడేళ్లుగా నేను వాడుతున్న మాట అది. మేస్త్రీ పేరు అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఇది క్షమాపణ కాదు, జరిగింది రాస్తున్నాను.

సవరణ వేయాలంటే గుంత తవ్వడం చూసినవాళ్ల పేర్లు కావాలి. సాలోమోను నిలువు ఎలా చూశాడో కూడా కావాలి. బావ వదిలిపోయిన సీసపు గుండు అతని దగ్గర ఉంది కదా. దారానికి కట్టి గోడ పైనుంచి వదిలితే వాలు ఎంతో అదే చెబుతుంది. ఎన్ని వరసలకు ఒకసారి వదిలాడో అతని నోటితోనే అడిగి రాయి.

మనసు ఒకచోట నిలవడం లేదు కాబట్టి ఇంకో పని ముందేసుకున్నాను. జూలైలో నువ్వు అడిగిన మాట గుర్తుందా? తొమ్మిదో తరగతి పాఠంలో ఉష్ణోగ్రత "ప్లమెట్" అయిందని ఉంటే, ఆ మాట ఎక్కడిదని పిల్లలు అడిగారన్నావు. అప్పుడు రెండు వాక్యాల్లో చెప్పాను. మా పేపర్లో పిల్లల పేజీ కోసం ఇప్పుడు పూర్తిగా వెతికాను.

లాటిన్‌లో సీసాన్ని ప్లంబం అంటారు. ఫ్రెంచివాళ్లు దాని నుంచి చిన్న సీసపు ఉండకు ఒక పేరు చేసుకున్నారు. అది పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి ప్లమెట్ అయింది. అంటే మేస్త్రీ చేతిలోని గుండే. ఓడవాళ్లు లోతు చూడడానికి తాడుకు కట్టి నీళ్లలోకి వదిలే బరువు కూడా. అప్పట్లో అది వస్తువు పేరు. నిట్టనిలువునా వేగంగా పడిపోవడం అనే అర్థం ఇరవయ్యో శతాబ్దంలో గాని స్థిరపడలేదు. ఇప్పుడు ఇంగ్లీషు పేపర్లలో షేర్ల ధరలు పడినా అదే మాట. గుండును ఎరిగినవాళ్లు తగ్గారు, పడడం ఒక్కటే మాటలో మిగిలింది. సీసపు గొట్టాలు బిగించేవాడు ప్లంబర్ అయ్యాడు. నీళ్లలోకి దూకే ప్లంజ్ కూడా, లోతు చూసే ఆ బరువును విసరడం నుంచి వచ్చిందే అంటారు.

పాఠం ఎప్పుడు చెబుతావో రాయి. ఆ వారమే వేస్తాను.

ప్రేమదాసు

*

ఎంకపల్లి,
17 ఆగస్టు, గురువారం

మామకు,

గుంత తవ్వడం చూసినవాళ్లు: కూలీలు భిక్షపతి, కృష్ణమ్మ, అంతమ్మ. మొదటి ఇద్దరూ పేర్లు రాసుకోమన్నారు. ఆదివారం పొద్దున ధనరాజ్ మనుషులు గుంతను పూడ్చేశారు. కొత్త మట్టి కాబట్టి ఇప్పటికీ తేడా తెలుస్తుంది. త్వరగా వెళ్లు.

నిన్న స్కూలు వదిలాక అంతమ్మను చూసి వచ్చాను. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నన్ను చూడగానే, "ఏం టీచరమ్మా, ఇంగ్లీషు చెప్పనీకి దవాఖానకు గూడ వచ్చినవా" అంది. ఆమె భర్త శివయ్య స్టూలు జరిపి నన్ను కూర్చోమన్నాడు. ఆ ఫాంహౌస్ స్థలం రెండేళ్ల కిందటి దాకా వాళ్లదే. హైటెక్ సిటీలో పనిచేసే ఆయన కొన్నాడు.

"ఆ భూమిల మా అత్త జొన్నలు పండిచ్చింది. నేను గోడ కింద పండిన," అని అంతమ్మ తనే నవ్వింది. నవ్వితే కాలు లాగింది కాబోలు, ఆగిపోయింది.

శివయ్య నన్ను వరండాలోకి తీసుకుపోయి మెల్లగా అడిగాడు. "కంపెనోళ్లు మొదటి ఆపరేషన్ చేయించిన్రు. రెండోది మేస్త్రిని అడుగుమంటున్రు. తప్పు మేస్త్రిదేనట. సాలోమోను యాడికెల్లి చేయిస్తడమ్మా?"



అన్న పోలీసులకు చెప్పిందే నీకూ రాస్తున్నాను. "గుండు నా చేతిలనే ఉన్నది. నాలుగు వరసలకోసారి చూసిన." వాంగ్మూలంలో అలాగే ఉంది.

పాఠం అయిపోయింది. నువ్వు ఏ వారం వేసినా ఫరవాలేదు.

లిదియా

*

చేవెళ్ల,
20 ఆగస్టు, ఆదివారం

లిదియాకు,

శుక్రవారం అజీజ్‌నగర్ వెళ్లాను. శంకర్‌పల్లి నుంచి ఎల్లేశ్ మేస్త్రీని వెంట తీసుకుపోయాను. కాపలా మనిషి గేటు తీయలేదు. పక్క తోట యజమానిని అడిగి అటువైపు నుంచి దిగాం.

పూడ్చిన గుంత స్పష్టంగా తెలుస్తోంది. గోడ పునాదికి రెండడుగుల ఒక అంగుళం దూరం. గోడ చాలామటుకు నడుము ఎత్తులో విరిగింది. ఉత్తరం మూల ఒక్కటే పూర్తి ఎత్తు, తొమ్మిది అడుగులు, నిలబడి ఉంది. ఎల్లేశ్ తన ఇనుప గుండును ఆ మూల మీది నుంచి వదిలాడు. కిందినుంచి ఐదడుగుల దాకా గోడలో వెంట్రుకంత తేడా లేదు. అక్కడి నుంచి పైకి గోడ గుంతవైపు వాలుతూ పోయింది. పైన బొటనవేలి మందం.

ఎల్లేశ్ దారం చుట్టుకుంటూ అన్నాడు: "కింది వరసలు సాలోమోను చేతియే సార్. నాకు ఎరుకే. పైవి ఎవలియో అనిపిస్తున్నది."

కూలీలను అడిగాను. కింది ఐదడుగులు బుధవారానికి పూర్తయ్యాయి. పైది గురు, శుక్రవారాల్లో కట్టారు. రెండూ సాలోమోను చేతిపనే.

మన చేవెళ్లలోనే ఉండే రిటైరైన ఇంజనీరును కలిశాను. ఆ వాలు ఒక్కటే అయితే గోడ పడదన్నాడు. గుంత ఒక్కటే అయితే, వాన కూడా పడింది కాబట్టి, పడే అవకాశం ఎక్కువ అన్నాడు. రెండూ కలిసినప్పుడు ఏది ఎంత అంటే, "నేను చెప్పలేను, చెప్పేవాణ్ని నమ్మకండి" అన్నాడు.

చూడకుండా రాసిన నా వాక్యం సగం నిజమైంది. అది అబద్ధమై ఉంటే నాకు సులువుగా ఉండేది.

నీ గురువారం ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుండు గురించి అన్న మాట రాశావు, నీ మాట రాయలేదు. పాఠం ఎప్పుడు చెబుతావని అడిగితే అయిపోయిందన్నావు, ఏ రోజో చెప్పలేదు. తారీఖులు లేకుండా నువ్వు ఎప్పుడూ ఉత్తరం రాయవు.

అడుగుతున్నాను. గురువారం, శుక్రవారం ఆ గుండు ఎక్కడుంది?

ప్రేమదాసు

*

ఎంకపల్లి,
22 ఆగస్టు, మంగళవారం

మామకు,

నా దగ్గర ఉంది.

తొమ్మిదో తారీఖు బుధవారం సాయంత్రం అన్న ఇంటికి వెళ్లి అడిగాను. ఇప్పుడు అందరూ ఇనుప గుండ్లే వాడుతున్నారు, సీసపుది మా నాన్నదే మిగిలింది. మాట సీసం నుంచి వచ్చిందని చెప్పి చేతిలో ఇనుము పెడితే పిల్లలకు ఏం అర్థమవుతుంది అనుకున్నాను. అన్న పనిసంచిలోంచి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టాడు. "రేపు పొద్దుమూకంగనే తేవాలె," అన్నాడు. వదిన పక్కనుంచి, "నన్ను గూడ ముట్టనియ్యడు. చెల్లెకైతే తుడిచి మరీ ఇస్తున్నడు," అంది.

గురువారం ఏ సెక్షన్‌కు పాఠం చెప్పాను. కిటికీ ఊచకు దారం కట్టి వదిలాం. పిల్లలు వరసగా వచ్చి స్కూలు గోడ ఎంత వంకరో చూశారు. నేను ఇంతవరకు చెప్పిన పాఠాల్లో అంత మంచి పీరియడ్ లేదు. మధ్యాహ్నం బి సెక్షన్ వాళ్లు వచ్చి మాకేదని అడిగారు. వాళ్ల పీరియడ్ శుక్రవారం. సాయంత్రం అన్నకు ఒక మాట పంపాను, ఇంకొక్క రోజు అని. అన్న సరేనన్నాడట. శుక్రవారం బి సెక్షన్‌కు చెప్పాను. ధనరాజ్ కూతురు వెన్నెల ఆ సెక్షన్‌లోనే. గుండు బొమ్మ గీసి, కింద తారీఖు వేసుకుని, "టీచర్, ఇది పడేది కాదు గద, నిలబెట్టేది," అంది. ఆ సాయంత్రం ఇవ్వాల్సింది. వాన పడింది. రేపిద్దాంలే అనుకున్నాను. శనివారం పన్నెండున్నరకు స్కూలు వదిలారు, ఇంటికి వచ్చి పడుకున్నాను. గోడ పడినప్పుడు గుండు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

వేరే గుండు ఎందుకు అడిగి తెచ్చుకోలేదని నువ్వు అంటావు. మన మేస్త్రీల పట్టింపు నీకు తెలుసు. పని మధ్యలో ఇంకొకరి గుండు ముట్టరు, వాళ్ల గోడల తప్పు మన గోడకు వస్తుందంటారు. నాన్న అదే చెప్పాడు, అన్న అదే పట్టుకున్నాడు. దారానికి రాయి కట్టి చూశాడు. రాయి అన్ని వైపులా ఒక్కలా ఉండదు. గాలికి ఊగుతుంది.

సవరణ వేయమని నిన్ను నిలదీసినప్పుడు ఇదంతా నాకు తెలుసు.

శనివారం సాయంత్రమే గుండు తిరిగి ఇచ్చాను. అన్న తీసుకుని, "నువ్వు ఎవరికీ ఏం చెప్పకు," అన్నాడు. అంతకు ముందే వాంగ్మూలం ఇచ్చి వచ్చాడు.

లిదియా

*

చేవెళ్ల,
25 ఆగస్టు, శుక్రవారం

లిదియా బిడ్డకు,

నీ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

గుంత సంగతి రేపటి పేపర్లో వస్తుంది. కొలతలు, పూడ్చిన రోజు, భిక్షపతి, కృష్ణమ్మల మాటలు ఉన్నాయి. మొదటి వార్త సైట్ మేనేజర్ చెప్పింది విని, చూడకుండా రాసిందని కూడా రాశాను. డెస్క్‌వాళ్లు ఆ వాక్యం ఉంచుతారో లేదో తెలియదు. పైవరసల వాలు రాయలేదు. ఉత్తరం మూల నిలబడే ఉంది, కావాలంటే ఎవరైనా కొలుచుకోవచ్చు, అని నాకు నేను చెప్పుకున్నాను.

కార్మిక శాఖ విచారణ సెప్టెంబర్ నాలుగున, ఇక్కడే. నీ పేరు పిలవరు. నువ్వు సైట్‌లో లేవు. అడిగితే చెప్పు, అడగకపోతే వద్దు. నువ్వు నోరు విప్పితే కంపెనీ వకీలు గుంతను వదిలేసి గుండు ఒక్కదాన్నే పట్టుకుంటాడు. సాలోమోను అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినవాడవుతాడు. అంతమ్మ రెండో ఆపరేషన్ అతని నెత్తిన పడుతుంది. నీ నిజం వల్ల ఎవరికి మేలు?

ఇది నీ మామ రాస్తున్నాడు. విలేకరి కాదు.

ప్రేమదాసు

*

ఎంకపల్లి,
29 ఆగస్టు, మంగళవారం

మామకు,

వార్త చదివాను. నువ్వు చూడకుండా రాశావన్న వాక్యం తీసేశారు.

నీ సలహా మూడు రోజులు పాటించాను. నిద్రపోతున్నాను, తింటున్నాను, పాఠాలు చెబుతున్నాను. ఒక పని మొదలుపెట్టి రెండో పనిలోకి పోతున్నాను. ఆదివారం చర్చిలో ఒకే పాటకు రెండుసార్లు లేచి నిలబడ్డాను.

నిన్న మధ్యాహ్నం వెన్నెల స్టాఫ్‌రూమ్ దగ్గరికి వచ్చింది. లోపలికి రాదు, పోదు.

"ఏందమ్మా?"

"టీచర్, మా డాడీ అడిగిండు. మీ టీచర్ క్లాసుకు గుండు తెచ్చిందా అని."

"నువ్వేమన్నవు?"

"తేలేదన్న. నోటుబుక్కు చూపియ్యమంటే పోయిందన్న." అటూ ఇటూ చూసి, "పోలే టీచర్. నా మంచం పరుపు కింద ఉన్నది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అంది.

నేను చెప్పమనలేదు. అయినా పద్నాలుగేళ్ల పిల్ల నా కోసం వాళ్ల నాన్నతో అబద్ధం మొదలుపెట్టింది. ఇక ముందు దాన్ని మోయడానికి రోజూ ఇంకోటి చెప్పాలి. నోటుబుక్కు పరుపు కింద నుంచి తీసి అందులోనే నోట్సు రాసుకోమన్నాను, మీ నాన్న మళ్లీ అడిగితే ఉన్నది చెప్పమన్నాను. వెన్నెల నావైపు అనుమానంగా చూసింది.

స్కూలు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. అంతమ్మకు అంతా చెప్పాను.

"నాకు ఎరుకే," అంది. "గుండు నీ దగ్గరుందని ఎరుక లేదు గని, లేదని ఎరుకే. శుక్రవారం నీ అన్న దారానికి రాయి కట్టిండు. ఏం మేస్త్రి, గుండు అమ్ముకున్నవా అని నేనే నవ్విన. పోలీసోళ్లకు చెప్పలె. సాలోమోను మీద పడితే నాకేమొస్తది? ఇద్దరం గల్సి మూలుగుడే."

"విచారణలో చెప్తా అంతమ్మా."

"చెప్తే నా కాలు ఏమైతదో ఆలోచన చేసినవా?"

"చేసిన. ఏమైతదో నాకు తెల్వదు."

"అబద్ధమన్నా చెప్పరాదు, జర మంచిగనిపిస్తుండె." తర్వాత అంది: "గుంత సంగతి ముందు చెప్పు. గుండు సంగతి ఆఖరికి చెప్పు."

"జరిగిన వరసలనే చెప్తా. బుధవారం నుంచి."

"టీచర్లతోని గిదే తకరారు," అని మొహం అటు తిప్పుకుంది. శివయ్య లిఫ్ట్ దాకా వచ్చాడు.

అక్కడి నుంచి అన్న ఇంటికి పోయాను. వాకిట్లో ఉన్నాడు. పదహారు రోజులుగా పని లేదు. చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"నేను ఇచ్చిన. నువ్వు గుంజుకపోలె. మధ్యల నీ పేరెందుకు?"

"ఒక్కరోజన్నవు. నేను రెండు రోజులు ఉంచుకున్న."

"రెండు రోజులు పని బంద్ పెడితే ధనరాజ్ ఇంకొకణ్ని పెట్టుకుంటుండె. రాయి కట్టింది నేను. గుంత తవ్వుతుంటే చూసింది నేను. ఆపుమనలె." గొంతు తగ్గించాడు. "లిదియా, రాయితోని కట్టిండు అని తెలిస్తే రేపటి సంది నాకు గోడ ఎవడిస్తడు? జైలుకు పోతే ఆర్నెల్లకు వస్త. పేరు పోతే ఎప్పుడొస్తది?"

దీనికి జవాబు వెతుక్కుంటూనే ఇంటికి వచ్చాను మామా. నీ దగ్గర ఉంటే రాయి.

లిదియా

*

చేవెళ్ల,
31 ఆగస్టు, గురువారం

లిదియాకు,

నా దగ్గరా లేదు.

పిల్లల పేజీకి ప్లమెట్ గురించి రాసింది నిన్న పంపించాను. ఒక సంగతి చివర్లో చేర్చాను. ఫ్రెంచిలో గుండు ప్రకారం తిన్నగా ఉండడాన్ని "ఆ ప్లాం" అనేవారు. దాన్నే ఇంగ్లీషువాళ్లు తీసుకుని, ఎంత ఒత్తిడిలోనైనా తొణకని మనిషి తీరుకు "అప్లామ్" అని పేరు పెట్టారు. ఆ తీరు నాకుందని నా తోటివాళ్లు అంటుంటారు. ఈ నెలంతా నాకు కనిపించలేదు.

ఈరోజు ఇంకో వార్త రాశాను. నిలబడి ఉన్న ఉత్తరం మూల కొలతలు, ఎల్లేశ్ పేరు, ఇంజనీరు మాట, మొదటి వార్తలో నా తప్పు. మేస్త్రీ నాకు మేనల్లుడని కూడా రాశాను, చదివేవాళ్లకు అది తెలియాలి. నీ గురించి రాయలేదు. అది నువ్వు చెప్పాల్సింది. ఈసారి డెస్క్ ఒక్క వాక్యం తీసినా మొత్తం తీసేయమని కవరు మీద రాశాను.

శుక్రవారం కార్మిక శాఖ ఆఫీసు ఐదింటి దాకా తెరిచి ఉంటుంది. రాతపూర్వకంగా ఇస్తే సాక్షుల పట్టికలో చేరుస్తారు. తెల్లకాగితం మీద, జరిగిన వరసలో, తారీఖులతో రాయి. ఎందుకు చేశావో రాయకు. ఏం చేశావో రాయి.

ప్రేమదాసు

*

ఎంకపల్లి,
2 సెప్టెంబర్, శనివారం

మామకు,

నిన్న నాలుగు గంటల పది నిమిషాలకు కాగితం ఇచ్చాను. ఒకటిన్నర పేజీ. గుమాస్తా చదివి, "మీరు ఎవరి తరఫు మేడమ్?" అని అడిగాడు. అలాంటి గడి ఫారంలో ఉందట. ఖాళీగా వదిలేయమన్నాను.

నీ వార్త పొద్దున వచ్చింది, మొత్తం వచ్చింది. భిక్షపతి గేటు దగ్గర కూలీలకు చదివి వినిపించాడట. హెడ్మాస్టరు పిలిచి, సోమవారం సెలవు చీటీలో కారణం ఏం రాస్తావన్నాడు. "సాక్ష్యం" అని రాశాను.

అన్నకు కాగితం నకలు ఇచ్చాను. ఇంగ్లీషు పదాలు లేకుండా రాశాను, చదువుకోగలడు. వాకిట్లో నిలబడే చదివాడు. "గురువారం సాయంత్రం అన్న సరేనన్నాడు" అన్న చోట వేలు పెట్టి, "సరేననలె. 'ఇంకేం చేస్త' అన్న," అన్నాడు. పెన్ను ఇస్తే కొట్టేసి తనే దిద్దాడు. ఆ మార్పు ఇవాళ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. అంతకుమించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తన వాంగ్మూలం మార్చుకుంటాడో లేదో వదినకు కూడా చెప్పలేదట.

సోమవారం ఉదయం ఎనిమిదికి అంతమ్మకు రెండో ఆపరేషన్. విచారణ తేలేదాకా ఆసుపత్రికి తామే హామీ అని కంపెనీవాళ్లు నిన్న కాగితం ఇచ్చారు, తేలాక సంగతి అందులో లేదు. పదిన్నరకు చేవెళ్లలో విచారణ మొదలవుతుంది. పట్టికలో మొదటి పేరు నాది. రెండో పేరు సాలోమోను. ఇద్దరికీ బస్సు ఒకటే, ఎంకపల్లి క్రాస్ దగ్గర తొమ్మిదింటికి.

లిదియా